తలపాగా ఆయన చేరారు, నీ కబురే చేరలేదు

స్విండన్,
ఆదివారం రాత్రి

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మన అటక మీది బొమ్మ రైలు స్టేషనుకు నువ్వు త్రీడీ ప్రింటరులో చేసిన చిన్న మనుషుల బొమ్మల పార్సిల్ అందింది. దూది చుట్టి, అట్టపెట్టెలో గళ్లు కట్టి పంపావు కాబట్టి ఒక్క గొడుగు గానీ చేతికర్ర గానీ విరగలేదు. అందిందని ఆ రోజే మెసేజ్ పెట్టాను. చూసినట్టు గుర్తు పడింది కానీ జవాబు రాలేదు. ఆఫీసులో పని ఎక్కువై ఉంటుందిలే. ఫోనులో నాలుగు ముక్కలు రాస్తే చదివి పక్కన పెట్టేస్తావు, అందుకని ఉత్తరమే రాస్తున్నాను. బొమ్మల గురించే, వేరే విశేషమేమీ లేదు.

మొన్న మీ పెద్దత్త ఫోను చేసింది. నీ చేతులు రెండూ ఎర్రగా పొక్కాయనీ, మాటమాటకీ దగ్గుతున్నావనీ, పడకగదిలో ఆ ప్రింటరు మిషను పెట్టుకుని తలుపులు బిగించుకుని కూర్చుంటున్నావనీ చెప్పింది. ఆవిడ గోరంతను కొండంత చేస్తుందని మనకు తెలుసు కదా. ఆ మాట అలా ఉంచు. ముందు ఆ బొమ్మల్లోని తలపాగా ఆయన సంగతి చెబుతాను.

ఈసారి కొలత సరిగ్గా కుదిరింది. నిజం అడుగుకు బొమ్మలో నాలుగు మిల్లీమీటర్ల లెక్కన, అంటే 1:76లో, అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి 23 మిల్లీమీటర్లు ఉండాలి. తలపాగా కాకుండా కొలిచి చూశాను, అంతే ఉన్నారు. పోయినసారి పంపినవాళ్లు 20 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయారు. అది 1:87 కొలత, యూరప్, అమెరికాల్లో బొమ్మ రైళ్లకు వాడే హెచ్‌ఓ అనే కొలత వాళ్లది. చిన్నగా ఉండే బ్రిటిష్ ఇంజన్ల బొమ్మల్లో పాతకాలపు మోటార్లు పట్టక ఇక్కడివాళ్లు పట్టాలను 16.5 మిల్లీమీటర్ల వెడల్పులోనే ఉంచి ఇంజన్లనూ మనుషులనూ కాస్త పెద్దవి చేసుకున్నారు. ఆ తేడా మనల్ని ఇప్పటికీ వదలలేదు. ఆ 20 మిల్లీమీటర్ల వాళ్లను పారేయలేదు. వెనక తెర దగ్గర, పొలం గట్టు మీద నిలబెట్టాను. దూరంగా ఉన్నట్టు కనిపిస్తారు.

తలపాగా ఆయన కావాలని నిన్ను అడిగింది ఊరికే కాదు. 1936లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ప్రొఫెసరుగా చేరారు. లండన్ పాడింగ్టన్ నుంచి అక్కడికి వెళ్లే గ్రేట్ వెస్టర్న్ రైలు దారి డిడ్‌కాట్ మీదుగానే. మన అటక మీది స్టేషను కాలమూ అదే, తావూ అదే. పొడుగు కోటు, తెల్లని తలపాగాతో ఒక పెద్దమనిషి ప్లాట్‌ఫాం మీద రైలు కోసం చూస్తూ ఉండడంలో చరిత్రకు విరుద్ధమేమీ లేదు. అది ఆయనేనని ఎవరికీ చెప్పను. నాకు మాత్రం అక్కడ మనవాడు ఒకరు ఉండాలి.

ఒకటి మాత్రం చెప్పాలి. పెట్టె తెరిచి ముట్టుకుంటే కోటు వెనక మడతల్లో వేలికి జిగట తగిలింది. రెజిన్ వాసన, అదే ప్రింటరులో పోసే ఆ జిగట ద్రవం వాసన, కూడా ఇంకా పోలేదు. అంటే ఆల్కహాల్‌లో సరిగా కడగలేదు, యూవీ దీపం కింద పూర్తిగా గట్టిపడలేదు. నేను గ్లవ్స్ తొడుక్కుని మెత్తని బ్రష్షుతో మళ్లీ కడిగాను, బాగా ఆరనిచ్చి, తిప్పుతూ దీపం కింద పెట్టాను. ఇప్పుడు గట్టిగా ఉంది. కానీ ఇంత దూరం వచ్చాక నా వేలికే తగిలిందంటే అక్కడ నీ వేళ్లకు ఎంత తగిలి ఉంటుందో అన్నదే నా ఆలోచన.

నీ చిన్నప్పుడు ఎగ్జిబిషన్‌లో నిన్ను స్టూలు మీద ఎక్కించి సిగ్నల్ లీవరు లాగనిచ్చిన పెద్దాయన గుర్తున్నాడా? మన బొమ్మ రైళ్ల క్లబ్బులో బొమ్మలకు రంగులు వేయడంలో ఆయనను మించినవాళ్లు లేరు. ముందు సిలికాన్ అచ్చుల్లో తనే రెజిన్ పోసుకునేవాడు, ప్రింటర్లు చవకయ్యాక వాటికి మారాడు. గ్లవ్స్ వేసుకుంటే బొమ్మ చేతికి తెలియదంటాడు. మొదట వేళ్ల సందుల్లో దురద పెట్టింది. గిన్నెల సబ్బు పడలేదనుకుని సబ్బు మార్చాడు. తర్వాత చలికి చర్మం పగిలిందనుకుని ఏదో పూత రాసుకున్నాడు. మధ్యలో నాలుగు రోజులు ప్రింటరు ముట్టుకోకపోతే తగ్గేది, ముట్టుకుంటే మళ్లీ వచ్చేది. ఒకరోజు పొద్దున్నే రెండు కనురెప్పలూ వాచి కళ్లు తెరుచుకోలేదు. చేత్తో కళ్లు నులుముకున్నాడు కదా, అదీ కారణం. చర్మ వైద్యులు వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూస్తే, ఆక్రిలేట్లు ఉన్న పట్టీ కింద చర్మం ఎర్రగా పొక్కి ఉంది. రెజిన్ సీసాలో ఉండేవి అవే. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైందంటే ఇక జీవితాంతం పడదట. పళ్ల డాక్టరుకు కూడా ముందే చెప్పుకోవాలట, పంటి సిమెంట్లలో కూడా ఆ జాతివే ఉంటాయి కాబట్టి. ప్రింటరు ఎవరికో ఇచ్చేశాడు. ఇప్పుడు పాత లోహపు బొమ్మలకు మాత్రమే రంగులు వేస్తాడు.

పోయిన వారం ఆయన ఇంటికి వచ్చాడు. నీ తలపాగా ఆయనను చేత్తో తీసుకోలేదు. నన్ను పట్టుకోమని, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. తలపాగా చుట్లలో ఒక్కొక్క మడత ఎటు పోతోందో తెలుస్తోందనీ, ఇది కట్టడం ఎరిగినవాళ్లు చేసిన బొమ్మ అనీ అన్నాడు. మా అమ్మాయి చేసిందని చెప్పాను. ఆయన అడిగిన తర్వాతి మాట, నీకు గ్లవ్స్ ఉన్నాయా అని. నా దగ్గర జవాబు లేదు, బుజ్జమ్మా.

సరే, రంగుల విషయానికి వస్తాను. ప్రింటు అయ్యేటప్పుడు బొమ్మను నిలబెట్టే ఆధారపు పుల్లలు తుంచిన చోట మొటిమల్లా మిగిలినవాటిని సన్నని కత్తితో గీకు, తర్వాత గరుకు కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దు. పొడిగా రుద్దితే ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకే. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది గానీ రెజిన్ ఆవిరిని ఆపదు, అది గుర్తుంచుకో. పోతపోసిన బొమ్మలైతే అచ్చుకు పూసిన జిడ్డు ఉంటుంది కాబట్టి గోరువెచ్చని సబ్బునీళ్లతో పాత టూత్‌బ్రష్షు పెట్టి తోమాలి. లేకపోతే ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత, పొరలు పొరలుగా లేచిపోతుంది. ప్లాస్టిక్ కిట్లకు వాడే జిగురు రెజిన్‌ను పట్టదు, సూపర్ గ్లూ కావాలి. కాలి కింద అర మిల్లీమీటరు రంధ్రం చేసి తీగ ముక్క గుచ్చితే రంగు వేసేటప్పుడు పట్టుకోవడానికీ పనికొస్తుంది, ప్లాట్‌ఫాంలో దిగవేయడానికీ పనికొస్తుంది.

ప్రైమర్ బూడిదరంగుది చాలు, పలచగా, రెండు విడతలుగా. మీ దగ్గర వానాకాలం వచ్చేసింది కాబట్టి ముసురు పట్టిన రోజు స్ప్రే ముట్టుకోకు. గాలిలో తేమ ఎక్కువైతే మ్యాట్ వార్నిష్ తెల్లగా పాలిపోతుంది, అంతవరకూ పడ్డ శ్రమంతా పోతుంది. రంగు ఎంత పలచగా వేయాలో లెక్క వేసి చూడు. పదోవంతు మిల్లీమీటరు మందం పడిందంటే నిజం మనిషి ఒంటి మీద ఏడున్నర మిల్లీమీటర్లు. అంత మందం కోటు ఎవరు తొడుగుతారు? కుంచె మరీ సన్నది కొనకు, దాని మొనకు చేరేలోపే రంగు ఎండిపోతుంది. మొన చక్కగా నిలిచే ఒకటో నంబరుది మంచిది. తడిపిన స్పాంజి మీద వెన్న కాగితం పరిచి దాని మీద రంగు కలుపుకుంటే మీ ఎండలకు కూడా తొందరగా గట్టిపడదు.

లోపలి నుంచి బయటికి రావాలి. ముఖం, చేతులు, చొక్కా, కోటు, చివరికి తలపాగా. సీసా మీద 'ఫ్లెష్' అని రాసి అమ్మేది తెల్లవాళ్ల రంగే. మన పెద్దమనిషికి ఇటుక గోధుమ, పసుపు మట్టిరంగు, కొద్దిగా తెలుపు కలిపాను, బాగా వచ్చింది. కళ్లు గీయకు. 60 సెంటీమీటర్ల దూరం నుంచి ఈ బొమ్మను చూడడమంటే నిజం మనిషిని 45 మీటర్ల దూరం నుంచి చూడడం. ఆ దూరాన కనుపాప కనిపించదు, కనుబొమల కింద నీడ మాత్రమే కనిపిస్తుంది. ఆ నీడ చాలు. తలపాగాకు అచ్చమైన తెలుపు వేయలేదు, కోరారంగు వేసి, నీళ్లు బాగా కలిపిన గోధుమ బూడిదరంగు మడతల్లోకి జారనిచ్చాను. ఆరాక మడతల మిట్టల మీద మాత్రం పొడి కుంచెతో తెలుపు తాకించాను. అప్పుడు బట్ట బట్టలా వచ్చింది. నలుపు కూడా అంతే, పోర్టర్ల బట్టలకు ముదురు బూడిదరంగే వాడు. ఇంకో మాట, 1930లలో మగవాళ్లు టోపీ లేకుండా రైలెక్కడం అరుదు. తర్వాతి విడతలో ఆ జీన్స్ కుర్రాళ్లు వద్దు.

తర్వాతి విడత అన్నాను గానీ తొందరేమీ లేదు. అసలు కొన్నాళ్లు ఆపేసినా నాకు ఇష్టమే. మిషను పడకగదిలోంచి తీసి వెనక బాల్కనీ పక్క గదిలో కిటికీ దగ్గర పెట్టు, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించు. ఆ గదిలో పడుకోకు, తినకు. కడగడానికి వాడే ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది. నీ దేవుడి గూడు ఆ గోడకే ఉందని పెద్దత్త చెప్పింది. దీపం వెలిగించే చోట ఆ డబ్బా ఉండకూడదంతే. కడిగిన నీళ్లు సింకులో పోయకు. గ్లవ్స్ నైట్రైల్‌వి వాడు, లేటెక్స్‌వి వద్దు, రెజిన్ అంటిన వెంటనే మార్చేయి. చేతికి తగిలితే సబ్బూ నీళ్లే, ఆల్కహాల్‌తో తుడవకు.

అసలు దగ్గు ఎప్పటి నుంచి ఉంది? రాత్రిళ్లు కూడా వస్తోందా, మిషను దగ్గర కూర్చున్నప్పుడేనా? డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెజిన్ సీసా మీది కాగితం ఫోటో తీసి చూపించు. రెండు చేతులూ, అరచేతులూ పైభాగాలూ, పగటి వెలుతురులో ఫోటో తీసి నాకు పంపు. పెద్దత్తను కోప్పడకు, ఆవిడ ప్రేమకొద్దీ చెప్పింది.

మీ అమ్మ మిరియాల కషాయం తాగమంటోంది. డాక్టరుకు చూపించాకే తాగు.

శీనుమామ వచ్చే వారం హైదరాబాదు వస్తున్నాడు. ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు, గ్లవ్స్ పెట్టెలు ఆయన సంచిలో పెట్టించాను. నీకు స్మాల్ సరిపోతుందని నేను, మీడియం కావాలని అమ్మ. రెండూ పెట్టాను. ఏది సరిపోయిందో ఫోను చేసి చెప్పు, మెసేజ్ కాదు.

నాన్న