లిఫ్టు సంగతి తేల్చుకుందాం, అందరూ రండి

అందరికీ నమస్కారం. ఉత్తరం వైపు ఖాళీ స్థలంలో పునాదులు తవ్వుతున్నారు. ఆ భవనం లేస్తే మా బాల్కనీకి శేషాచలం కొండలు కనిపించవు. పొద్దున్నే వాటికి దండం పెట్టుకోనిదే నాకు కాఫీ దిగదు.

అంతకన్నా పెద్ద బాధ లిఫ్టు. నిన్న కరెంటు పోయి 11వ అంతస్తు అమ్మగారు పావుగంట లోపలే చిక్కుకుపోయారు. తలుపు తీసేసరికి చెమటతో చీర తడిసిపోయింది, మందుల సంచి గుండెకు హత్తుకుని ఉన్నారు. ఆ ముఖం మరిచిపోలేకున్నాను. కరెంటు పోగానే లిఫ్టును దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే బ్యాటరీ పరికరం ఉంటుంది. అది మనకు పెట్టించాల్సిందే.

ఆదివారం ఉదయం 10 గంటలకు కింది హాలుకు రండి. మెట్లు దిగలేనివారు చెప్పండి, మేమే మీ ఇంటికి వస్తాం.

టిప్పర్లు తిరుగుతున్నాయి, గేటు దగ్గర జాగ్రత్త. ఒంటరిగా ఉన్నవారు 108తో పాటు వృద్ధుల సహాయ నంబరు 14567 కూడా ఫోనులో ఉంచుకోండి.