సింధు అడిగినదానికి నువ్వింకా జవాబు చెప్పలేదు

తెనాలి,
ఫిబ్రవరి 1

చిరంజీవి నాన్నకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాన్నగారూ క్షేమం. ఫోన్లో చెప్పే మాటకి ఉత్తరమెందుకు అనుకుంటావేమో. ఫోన్లో అయితే నువ్వు "సరేలే అమ్మా" అంటావు, నేను ఊరుకుంటాను. పండక్కి వచ్చి మీరు వెళ్ళిన దగ్గర్నుంచి ఈ మాట నా గొంతులోనే ఉండిపోయింది.

భోగి ముందురోజు వంటింట్లో జరిగింది గుర్తుందా? నేను మూకుడు దగ్గరున్నాను. సింధు చలిమిడి ముద్ద తీసి అరిటాకు మీద ఒత్తి ఇస్తోంది. వేగిన అరిసెల్ని మీ అక్క చెక్కల మధ్య పెట్టి నూనె పిండుతోంది. నువ్వు గుమ్మంలో నిలబడి వేడి అరిసెని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ తింటున్నావు. అప్పుడు సింధు అడిగింది. "మీ ఫ్రెండ్ లోన్‌కి షూరిటీ సంతకం పెట్టేముందు నాతో ఒక్క మాట అనాల్సింది కదా. రేపు మన ఇంటి లోన్‌కి అది అడ్డమొస్తే?" గొంతు పెంచలేదు. మామూలుగా అడిగింది. నువ్వేమన్నావు? "ఏంటి, డేట్ దగ్గరకొచ్చిందా?" నెలసరి ముందు చిరాకు అని నీ వెటకారం.

అందరం నవ్వాం. మీ అక్క నవ్వింది, నేనూ నవ్వాను. సింధు కూడా నవ్వి, ముద్ద అరిటాకు మీద పెట్టి ఒత్తడం మొదలుపెట్టింది. వేళ్ళు గట్టిగా పడి ఆ అరిసె అంచు పగిలింది. నేను చూశాను. చూసి కూడా నిన్నొక్క మాట అనలేదు. అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు నాన్నా. ముప్పై ఒక్కేళ్ళు ల్యాబ్‌లో రక్తం తీసి, హార్మోన్ పరీక్షలు చేసి, రిపోర్టులు రాసినదాన్ని. నువ్వన్న మాటలో ఎంత నిజముందో, ఎంత లేదో ఆ వంటింట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

ఓ పదేళ్ళ కిందటి మాట. పిల్లల్లేని ఒక జంట మా ల్యాబ్‌కి వచ్చేవాళ్ళు. వచ్చేవాళ్ళు అనకూడదు, ఆ అమ్మాయే వచ్చేది. నెలసరి రెండో రోజు ఒక శాంపిల్, ఇరవై ఒకటో రోజు ఇంకొకటి, ఎనిమిది నెలలు తిరిగింది. పర్సులో చిన్న క్యాలెండర్, అందులో ఎర్ర పెన్నుతో చుట్టిన తేదీలు. సూది గుచ్చేముందు ఆ క్యాలెండర్ తీసి నాకు చూపించేది, తేదీ తప్పలేదని నమ్మించడానికన్నట్టు. చివరికి డాక్టరు గట్టిగా చెప్పాక భర్త వచ్చాడు. ఎరువుల కొట్టు కట్టేసి, దారిలో బజ్జీలు తిని, సాయంత్రం ఐదున్నరకి. మగ హార్మోన్ అని చెప్పుకునే టెస్టోస్టెరాన్ 240 వచ్చింది. మగవాళ్ళకి సుమారుగా 300 నుంచి 1000 దాకా ఉండాలి. రిపోర్టు చూసి అతని మొహం పాలిపోయింది. "దీన్ని లెక్కలోకి తీసుకోరు బాబూ, పొద్దున ఎనిమిదింటికి పరగడుపున రండి, మళ్ళీ చూద్దాం" అన్నాను. తెల్లారి వచ్చాడు, 380 వచ్చింది. అదే మనిషి, ఒక్క రాత్రి తేడా. "మగాడికి కూడా టైముంటుందా అమ్మా?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

ఉంటుంది. మగవాళ్ళ టెస్టోస్టెరాన్ రాత్రి నిద్రలో పెరిగి పొద్దున్నే బాగా ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి పడిపోతుంది. వయసులో ఉన్నవాళ్ళలో ఆ తేడా పావు వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. తిండి తిన్నా తగ్గుతుంది. అందుకే పొద్దున ఏడు, పది గంటల మధ్య పరగడుపున తీస్తాం. తక్కువొస్తే ఇంకోరోజు మళ్ళీ తీసి చూడకుండా డాక్టర్లు మందు రాయరు. రోజుకో చుట్టు తిరిగి వచ్చే చక్రం అది. నెలకో చుట్టు తిరిగే చక్రం ఆడవాళ్ళది. మగవాళ్ళకీ నెలకోసారి ఏదో అవుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మకు, దానికి గట్టి ఆధారం లేదు. అలాగని రోజూ జరిగేది లేకుండా పోదు.

సింధు నెల ఎలా నడుస్తుందో కూడా విను. ఎనిమిది నెలలుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు, నీకిది తెలిసుండాలి. నెలసరి మొదలైన రోజు ఒకటో రోజు. మొదటి రెండు మూడు రోజులు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు రెండూ అడుగున ఉంటాయి. తర్వాత ఈస్ట్రోజెన్ మెల్లగా పెరుగుతుంది. అది పైకి వెళ్ళాక మెదడు కిందున్న పీయూష గ్రంథి ఒక్కసారిగా ఎల్.హెచ్. అనే హార్మోన్ వదులుతుంది, అండం విడుదలవుతుంది. ఆ తర్వాత ప్రొజెస్టెరాన్ రాజ్యం. ఒళ్ళు కూడా కాస్త వేడెక్కుతుంది, సెల్సియస్‌లో సుమారు అర డిగ్రీ. గర్భం రాకపోతే రెండూ కలిసి పడిపోతాయి, మళ్ళీ ఒకటో రోజు. ఇరవై ఎనిమిది రోజులనేది లెక్క కోసం చెప్పే మాటే. ఇరవై ఒకటి నుంచి ముప్పై ఐదు దాకా ఎన్ని రోజులకొచ్చినా మామూలే.

ఇక నొప్పి. గర్భసంచి లోపలి పొరని బయటికి పంపడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనేవి పుట్టి ఆ కండరాన్ని పిండుతాయి. అవి ఎక్కువైతే కడుపు నొప్పే కాదు, వికారం, విరేచనాలు కూడా అవుతాయి. అందుకే డాక్టరు రాసిన నొప్పి మాత్ర మొదట్లోనే వేసుకుంటే బాగా పనిచేస్తుంది, నొప్పి ముదిరాక వేసుకుంటే అంత పట్టదు. ఆ రోజు పొద్దున సింధు చెప్పకముందే టిఫిన్ పెట్టి మాత్ర ఇవ్వు. మాత్రకి కూడా లొంగని నొప్పి నెలనెలా వస్తుంటే మాత్రం సర్దుకుపొమ్మనకు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

మా అత్తగారింట్లో ఆ మూడు రోజులూ నన్ను పక్క గదిలో చాప మీద కూర్చోబెట్టేవారు, నా కంచం వేరు. పొద్దున్నే ఆ చాప చుట్టి ల్యాబ్‌కి వెళ్ళి, అవే చేతులతో రోజుకి ముప్పై, నలభై మందికి రక్తం తీసేదాన్ని. ఒక్క నరం తప్పలేదు, ఒక్క రిపోర్టు మారలేదు.

నెలసరికి ముందు చిరాకు, దిగులు రావా అంటావు. చాలామందికి ఎంతోకొంత వస్తాయి, నాకూ వచ్చేవి. కొద్దిమందికి మరీ తీవ్రంగా వస్తాయి, వాళ్ళకి వైద్యం కావాలి. కానీ ఒక సంగతి చూడు. అంత బాధ పడేవాళ్ళ రక్తంలో హార్మోన్లు మిగతావాళ్ళ కంటే ఎక్కువా ఉండవు, తక్కువా ఉండవు. అదే ఎత్తుపల్లాలకి మెదడు స్పందించే తీరు వేరుగా ఉంటుందంతే. కాబట్టి తేదీ చూసి ఎవరి మనసూ చెప్పలేం. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు 142 మంది ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ 75 రోజుల పాటు రోజూ వాళ్ళ మనసెలా ఉందో అడిగి రాసుకున్నారు. 2021లో ఫలితం వచ్చింది. మగవాళ్ళ మనసు కూడా ఆడవాళ్ళ మనసులాగే పైకీ కిందికీ పోతోంది, చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

నీకు నమ్మకం కుదరకపోతే 2023 నవంబర్ 19 గుర్తు తెచ్చుకో. కార్తీకమాసం, ఆదివారం. అహ్మదాబాద్‌లో ఆస్ట్రేలియా మీద క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ పోయింది. నువ్వు రిమోట్ విసిరేసి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నావు. నీకిష్టమని చేసిన పులిహోర ముట్టలేదు. మర్నాడు నేనేం అడిగినా కసిరావు. 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ టీవీలో చూస్తున్న మగవాళ్ళ లాలాజలం తీసి పరీక్షించారు. బ్రెజిల్ అభిమానులకి టెస్టోస్టెరాన్ పెరిగింది, ఓడిన ఇటలీ అభిమానులకి తగ్గింది. మైదానంలోకి దిగినవాళ్ళు కూడా కాదు, కుర్చీలో కూర్చుని చూసినవాళ్ళు. ఆ రోజు నువ్వు కసిరితే నేను "పాపం, బాధలో ఉన్నాడు" అనుకున్నాను. నీ బాధకి నేనొక కారణం వెతికాను. సింధు ప్రశ్నకి నువ్వు తేదీ వెతికావు.

ఇప్పుడు నీ సంగతి. అర్ధరాత్రి దాటాక ఒంటిగంట దాకా అమెరికా కాల్స్, పొద్దున ఆరున్నరకి అలారం. ఐదు, ఐదున్నర గంటలే నిద్ర. షికాగోలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళని ఒక వారం రోజులు ఐదేసి గంటలే నిద్రపోనిస్తే పగటిపూట టెస్టోస్టెరాన్ పది నుంచి పదిహేను శాతం పడిపోయింది. 2011 నాటి పరిశోధన అది. వయసు మీద పడ్డప్పుడు తగ్గేది ఏడాదికి సుమారు ఒక శాతమే. అంటే వారంలో ఎన్నేళ్ళ తగ్గుదల వచ్చిందో లెక్క వేసుకో. సింధు నాకేం చెప్పలేదు, నేనే చూశాను. పండగ నాలుగు రోజులూ పొద్దున పదకొండు దాకా నీతో ఎవరూ మాట్లాడలేకపోయాం. ఆ పిల్ల నీ కాఫీ పక్కన పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయేది. నీ టైము ఆమెకి తెలుసు.

మనం అనుకున్నట్టు ఆడ హార్మోన్లు, మగ హార్మోన్లు అని రెండు కొట్లు కూడా లేవు నాన్నా. ఎల్.హెచ్., దానితో పాటే పీయూష గ్రంథి వదిలే ఎఫ్.ఎస్.హెచ్. పరీక్షకి మేం వాడేది ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకటే కిట్. రిపోర్టులో పక్కన అచ్చేసే అంకెలే వేరు. సింధు ఒంట్లో టెస్టోస్టెరాన్ ఉంది, నీ ఒంట్లో ఈస్ట్రోజెన్ ఉంది. మగవాడి ఎముకలు గట్టిగా ఉండాలంటే అది కావాలి, టెస్టోస్టెరాన్ నుంచే తయారవుతుంది. 1934లో జోండెక్ అనే శాస్త్రవేత్త పోతు గుర్రం మూత్రంలో బోలెడంత ఈస్ట్రోజెన్ కనిపెట్టినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారట. నాకు నలభై తొమ్మిదో ఏట నెలసరి ఆగింది. నా వయసు ఆడవాళ్ళ కంటే సాధారణంగా వాళ్ళ భర్తల రక్తంలోనే ఈస్ట్రోజెన్ ఎక్కువుంటుంది. మీ నాన్నగారికి చెప్తే ముందు నమ్మలేదు.

రేపు మీకు పిల్లలు పుడితే నీకూ మార్పొస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది కుర్రాళ్ళని దాదాపు ఐదేళ్ళు గమనించారు. తండ్రులైనవాళ్ళ టెస్టోస్టెరాన్ బాగా తగ్గింది, రోజుకి మూడు గంటలు, ఆపైన బిడ్డని చూసుకునేవాళ్ళకి ఇంకా తక్కువగా ఉంది. చేతకానితనమని ఎవరన్నా అంటే వినకు. బిడ్డనెత్తుకున్న మగవాడి ఒళ్ళు ఆ పనికి తగ్గట్టు మారుతోందంతే.

నిన్ను తప్పు పట్టే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. మీ అక్క పెద్దమనిషి అయినప్పుడు ఊరంతా పిలిచాం. చిమ్మిలి దంచాం, కార్డులు అచ్చేయించాం, ఫొటోలు తీయించాం. పక్కన కూర్చోబెట్టుకుని అంతా వివరంగా చెప్పాను. నువ్వప్పుడు ఎనిమిదేళ్ళవాడివి, షామియానా కింద పరుగెత్తుతున్నావు. "అక్కకేమైందమ్మా?" అంటే లడ్డూ చేతిలో పెట్టి పంపేశాను. నీకు పద్నాలుగో ఏట గొంతు బొంగురుపోయింది, మొహం నిండా మొటిమలు, అద్దం ముందు గంటలు గంటలు. అందరం ఆటపట్టించాం. ఒక్కరం కూడా నీ పక్కన కూర్చుని "ఒంట్లో ఇలా జరుగుతుంది, భయపడకు" అని చెప్పలేదు. ల్యాబ్‌లో ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ చెప్పాను. నా కొడుక్కి చెప్పలేదు. మీ అక్క గురించి నువ్వు నేర్చుకున్నది లడ్డూ, నీ గురించి నువ్వు నేర్చుకున్నది ఎగతాళి. అలాంటప్పుడు ముప్పయ్యో ఏట నీ నోటి నుంచి ఆ మాట రావడంలో నా వాటా ఉంది.

మీ నాన్నగారు కూడా ఏమంత చెప్పే మనిషి కారు. కానీ నెలసరి ఆగిన కొత్తలో నాకు రాత్రిళ్ళు ఒళ్ళంతా ఆవిర్లొచ్చి జాకెట్టు తడిసిపోయేది. పుష్యమాసం, బయట మంచు. ఆయనకసలే చలి పడదు. నేను లేచి కూర్చుంటే ఏమైందని అడగకుండా లేచి ఫ్యాన్ ఐదులో పెట్టి, రెండు దుప్పట్లు కప్పుకుని అటు తిరిగి పడుకునేవారు. రెండు చలికాలాలు అలాగే గడిచాయి. ఆ రోజుల్లో నేనేదైనా గట్టిగా అడిగితే "నీ ఒంట్లో బాగోలేక అంటున్నావు" అని ఒక్కసారీ అనలేదు. నా ఆవిర్లకి ఫ్యాన్ వేశారు, నా ప్రశ్నకి జవాబు చెప్పారు.

మొన్న ఆదివారం సింధుకి ఫోన్ చేసినప్పుడు అడిగాను, షూరిటీ సంగతి వాడేమన్నా చెప్పాడా అని. "లేదత్తయ్యా, నేనూ మళ్ళీ అడగలేదు" అంది. ఎంతకి సంతకం పెట్టావో, మీ ఫ్రెండు కట్టకపోతే నీ మీద ఎంత పడుతుందో, ఇంటి లోన్‌కి బ్యాంకువాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకుంటారో లేదో కనుక్కో. కాగితాలు తీసి ఇద్దరూ కూర్చుని చూసుకోండి. పొద్దున్నే వద్దు, నీకు నిద్ర చాలని రోజుల్లో వద్దు. శనివారం సాయంత్రం చూసుకో.

ఈ ఉత్తరంతో పాటు డబ్బాలో సున్నుండలు పంపుతున్నాను. పైవరసవి నెయ్యి తక్కువ వేసినవి, సింధుకిష్టం. అవి నువ్వు తినకు.

ఆశీస్సులతో,
అమ్మ