రెండు బస్తాల తేడా

వరంగల్,
ఆదివారం రాత్రి

బిడ్డా,

సంక్రాంతికి వచ్చినప్పుడు మా అడ్తి దుకాణం కంప్యూటర్ల నువ్వు రాసిపెట్టిన స్క్రిప్ట్, అదే రెండు లెక్క ఫైళ్లు పోల్చే చిన్న ప్రోగ్రాం, మొన్న శుక్రవారం "తేడా లేదు" అన్నది. కానీ తేడా ఉన్నది. ఫోన్ల అయితే సగమే చెప్తనని కూసోని రాస్తున్న.

ఎనుమాముల మార్కెట్ల మిర్చి సీజన్ ఎట్లుంటదో నీకు ఎరికే. కాంటా తూచే దడ్వాయి చెప్పిన తూకం నేను మధ్యాహ్నం దాకా ఒక ఫైల్ల ఎక్కిస్త, రైతుకు ఒక వరుస. సాయంత్రం తక్‌పట్టీల కోసం, అంటే రైతుకు ఇచ్చే లెక్క చిట్టీల కోసం, ఇంకో గుమాస్తా తన ఫైల్ తయారు చేస్తడు. ఆ రెండూ కలవాలె. నీ స్క్రిప్ట్ ఫోల్డర్ల అన్నిటికంటె కొత్త ఫైళ్లు రెండు తీసి, తేడాలు చూపిచ్చే డిఫ్ కమాండ్‌కు ఇస్తది.

నర్సంపేట దిక్కు రైతు, 14 బస్తాల చపాట మిర్చి తెచ్చిండు. పట్టీల 12 అని పడ్డది. పైసలు లెక్కవెట్టుకుంట మెట్ల మీదనే ఆగిండు. ఎనుకకు వచ్చి, కాంటా చిట్టీ మడతలు విప్పి నా ముందర పెట్టిండు, ఒక్క మాట అనలే. చెమటకు అక్షరాలు అలుక్కుపోయినయ్, 14 మాత్రం కనవడుతున్నది. ఏడాదంతా చేను ఎంబడి తిరిగితే వచ్చిన పంట బిడ్డా అది. అప్పటికప్పుడే సరిచేసి ఇచ్చినం. గని ఆయన ఆ చిట్టీ పారేసుకొని ఉంటే? నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.

దుకాణం మూసినంక ఒక్కన్నే కూసోని, కొత్త ఫైళ్లు పైన వచ్చేటట్టు ఎల్‌ఎస్ పక్కన మైనస్ ఎల్‌టీ కొట్టి చూసిన. పైన రెండు వరుసలు ఏమున్నయో తెలుసా? సాయంత్రం పట్టీ ఫైల్, దాని కాపీ. సేటు కొడుకు పెన్‌డ్రైవ్‌ల వేసుకునేముందు అదే ఫోల్డర్ల నకలు తీసిండట. నా మధ్యాహ్నం ఫైల్ మూడో వరుసకు దిగింది. అంటే స్క్రిప్ట్ పట్టీని పట్టీతోనే పోల్చింది. రెండూ ఒక్కతీరు ఉంటే డిఫ్ నోరే విప్పదు కదా.

మైనస్ టీ చూసేది ఫైల్ల చివరిసారి రాసిన టైం, పుట్టిన టైం కాదు. నకలు తీసే సీపీ కమాండ్ ఉత్తగ కొడితే కాపీకి ఆ నిమిషం టైమే పడతది. మైనస్ పీ పెట్టి అసలు టైం నిలిపినా ఆ రెండే పైన ఉండేటియి. ఫైల్ వివరాలు చెప్పే స్టాట్ కొడితే మన ఉబుంటుల, ఫైల్ పుట్టిన టైం చూపిచ్చే బర్త్ అని ఒక వరుస వస్తది, గని కాపీ కూడా కొత్తగా పుట్టిందే. అందుకే టైంను నమ్ముకునుడు బంద్ చేసి పేర్లు మార్చిన: ముందు ఏడాది, నెల, రోజు, ఎనుక కాంటా లేకపోతే పట్టీ. స్క్రిప్ట్ ఇవాల్టి కాంటాను, ఇవాల్టి పట్టీని పేరు పెట్టి అడగాలె.

ఇంకోటి చూసినంక నాకు ఇంకా భయమైంది. డిఫ్ పని అయినంక స్క్రిప్ట్‌కు ఒక అంకె ఇస్తది: రెండూ ఒక్కటే అయితే 0, తేడా ఉంటే 1, ఫైల్ దొరకకపోతే 2. నువ్వు 1 వస్తేనే "తేడా ఉంది" అని రాసినవ్, మిగిలినదంతా "తేడా లేదు"ల పడుతున్నది. కావాలనే పరీక్ష చేసిన, ఫోల్డర్ల ఒక్క ఫైలే ఉంచి నడిపిన. పోల్చనీకి రెండో ఫైలే లేదు, అయినా తేడా లేదన్నది. 2 వస్తే "ఫైల్ లేదు, పట్టీలు కొట్టొద్దు" అని పెద్దగ చూపియ్యాలె. పేర్ల మధ్య ఖాళీ ఉంటే తెగకుండ కొటేషన్లు కూడ పెట్టు.

ఉగాదికి వస్తవు గద, అప్పటిదాకా ఆగలేం, సీజన్ నడుస్తున్నది. రేపు రాత్రి తొమ్మిది దాటినంక ఫోన్ చెయ్యి. నువ్వు చెప్పు, నేను ఒక్కో వరుస కొడత. అప్పటిదాకా రెండు ఫైళ్లు పక్కపక్కన తెరిచి, వేలు పెట్టి చదువుత.

నీ నాయిన