రాకెట్‌బాల్ బ్యాట్ అడిగితే స్క్వాష్ బ్యాట్ ఇచ్చాను

తిరుపతిలో మా స్పోర్ట్స్ షాపుకు వచ్చే అందరికీ నమస్కారం.

పోయిన ఎండాకాలం బాలాజీ కాలనీ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. అమెరికాలో చదువుకుంటున్న మనవడికి రాకెట్‌బాల్ బ్యాట్ తీసుకెళ్లాలన్నారు. మా దగ్గర లేదు. లేదని చెప్పాల్సింది. అదీ ఇదీ గోడకు కొట్టే ఆటే కదా అని స్క్వాష్ బ్యాట్ ఇచ్చి పంపాను. ఆయన దాన్ని పంచెల మధ్య చుట్టి, చెన్నై దాకా కారులో, అక్కడి నుంచి విమానంలో మోసుకెళ్లారు. ఆ పిల్లాడికి అది పనికిరాలేదు. తిరిగొచ్చాక మాస్టారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. డబ్బు వాపసు ఇచ్చాను గానీ, మనసు కుదుటపడలేదు.

ఆ తర్వాత కూర్చుని అంతా తెలుసుకున్నాను. స్క్వాష్ బ్యాట్ 27 అంగుళాలు ఉంటుంది, మెడ సన్నగా పొడుగ్గా. రాకెట్‌బాల్ బ్యాట్ 22 అంగుళాలు దాటకూడదు. పిడి చివర తాడు ఉంటుంది, ఆడేటప్పుడు దాన్ని మణికట్టుకు తగిలించుకోవడం ఆ ఆటలో రూలు.

బరువు దగ్గరే చాలామంది పొరబడతారు. షటిల్ బ్యాట్లలోనూ చూస్తుంటాను, ఎంత తేలికైతే అంత మంచిదని పదేళ్ల పిల్లలకు ఖరీదైనది కొనేస్తారు. రాకెట్‌బాల్‌లో 150, 160 గ్రాములవి చెయ్యి వేగంగా తిప్పగలవాళ్లకే. కొత్తగా ఆడేవాళ్లకు 175 పైన ఉంటే మేలు, ఆ బరువే బంతిని తోస్తుంది. పిడి సాధారణంగా రెండు సైజుల్లో వస్తుంది: చుట్టుకొలత 3 5/8, 3 7/8 అంగుళాలు. ఏదో తేలకపోతే చిన్నదే తీసుకోండి. గ్రిప్ టేపు చుట్టి లావు చేయొచ్చు, లావుదాన్ని సన్నం చేయలేం.

చెప్పకుండా ఇచ్చి ఆశ్చర్యపరచాలనుకుంటే, పిల్లాడి రూమ్మేట్‌ని అడిగి ఇప్పుడు వాడుతున్న బ్యాట్ ఫొటో తెప్పించుకోండి. బరువు, పిడి సైజు చాలావరకు దాని మీదే రాసి ఉంటాయి. కొనడం మాత్రం పిల్లాడు ఉండే దేశంలోనే కొనండి, నప్పకపోతే మార్చుకునే వీలుంటుంది. ఫొటో పట్టుకొని మా షాపుకు రండి, ఏది తీసుకోవాలో కలిసి చూద్దాం. దానికి డబ్బేమీ వద్దు.

రాకెట్‌బాల్ అని అడిగి మా దగ్గర స్క్వాష్ బ్యాట్ కొన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే దయచేసి వెనక్కి తీసుకురండి. బిల్లు లేకపోయినా, గట్టింగ్ (బ్యాట్‌కు అల్లిన దారాలు) తెగిపోయినా సరే, పూర్తి డబ్బు ఇచ్చేస్తాను.