మా అమ్మకు రక్తమిచ్చిన వాళ్లందరికీ

మొన్న అమ్మ దశదినకర్మ అయిపోయింది. టెంట్ వాళ్లు కుర్చీలు, గుండిగలు తీసుకెళ్లారు. చుట్టాలు నిన్న పొద్దున్నే బస్సెక్కారు. ఇన్ని రోజులు ఇంటి నిండా మనుషులున్నా ఎవరితోనూ సరిగ్గా ఒక మాట మాట్లాడలేకపోయాను. వచ్చినవాళ్ల చేతులు పట్టుకుని ఏడవడమే సరిపోయింది. అందుకే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

అమ్మ 36 ఏళ్లు నర్సుగా పనిచేసింది. ఏటూరునాగారం ఏజెన్సీలో మొదలుపెట్టి, ములుగు, నర్సంపేట తిరిగి, చివరికి వరంగల్ ఎంజీఎంలో రిటైర్ అయింది. హన్మకొండలో మా వాడలో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ సిస్టరమ్మే. పోయేనాటికి 71 ఏళ్లు.

ఐదు నెలల కింద, అమ్మకు మూలుగలో రక్తం సరిగ్గా తయారు కావడం లేదని డాక్టర్లు చెప్పారు. మందులు కొంతవరకే పనిచేస్తాయి, మధ్యమధ్యలో రక్తం ఎక్కిస్తూ ఉండాలన్నారు. అమ్మది ఓ నెగటివ్. ఆ రక్తాన్ని అవసరమైతే ఏ గ్రూపు వాళ్లకైనా ఎక్కించవచ్చు. కానీ ఓ నెగటివ్ వాళ్లకు మాత్రం ఓ నెగటివే కావాలి. మన దేశంలో నెగటివ్ గ్రూపులన్నీ కలిపినా నూటికి ఐదారుగురికి మించరు. పైగా ఒకసారి ఇచ్చిన మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. అంటే దాదాపు ప్రతిసారీ కొత్త మనిషిని వెతకాలి. మొదటి బ్యాగు బ్లడ్ బ్యాంకులో దొరికింది. రెండోసారి లేదన్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నాకు చేతులాడలేదు.

అమ్మ మంచంలోంచే చెప్పింది. "బీరువల చీరల కింద నోట్‌బుక్ ఉంటది, తీస్కరా పో బిడ్డా."

అట్ట ఊడిపోయిన లాంగ్ నోట్‌బుక్ అది. గ్రూపుకు కొన్ని పేజీలు. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఎప్పుడిచ్చారో తేదీ. కొన్ని నంబర్లు పాత ల్యాండ్‌లైన్‌వి, కొన్నింటి పక్కన 'పీపీ, కిరాణం షాపు' అని రాసి ఉంది. ఇంట్లో ఫోన్ లేనివాళ్లకు కబురు అందే దారి అదొక్కటే ఉన్న రోజులవి.

ఆ నోట్‌బుక్ ఎందుకు పెట్టిందో నాకు తెలుసు. కాన్పయ్యాక రక్తం పోవడం ఆగకపోతే గంటల్లో ప్రాణం పోతుంది. అమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో తన చేతుల్లోనే అట్లా ఒకామె పోయింది. రక్తమిస్తే మనిషి నీరసించి చచ్చిపోతాడని అప్పట్లో భయం. ఇయ్యమని అడిగితే మొగుడు టీ తాగొస్తానని పోయి తిరిగి రాకపోవడం అమ్మ ఎన్నోసార్లు చూసింది. దాంతో ఆమే బయటికి పోయి ఆటో వాళ్లను, కాకతీయ యూనివర్సిటీ పిల్లలను, కొత్తవాడ మగ్గాల వాళ్లను అడిగి పేర్లు రాసుకోవడం మొదలుపెట్టింది.

ఓ నెగటివ్ పేజీ తీశాను. మొదటి పేరు అమ్మదే. దాని ఎదురుగా తేదీలు, పేజీ అంచు దాకా. లెక్కపెడితే 38 ఉన్నాయి. 65 దాటాక ఇక తన రక్తం తీసుకోలేమన్నారని ఇంటికొచ్చి బాధపడిన రోజు నాకు గుర్తుంది.

ఆ పేజీలో 19 పేర్లున్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కొన్ని నంబర్లు లేవు. ముగ్గురు చనిపోయారని వాళ్ల ఇంట్లోవాళ్లు చెప్పారు. కాజీపేట ఆటో అన్నకు ఇప్పుడు 68. "నాది తీసుకోరు గదమ్మా, ఏంజేతు" అని ఫోన్‌లోనే గొంతు పూడుకుపోయింది. అరగంటలో మళ్లీ ఆయనే చేశారు. ఆయన కొడుకు రైల్వేలో పనిచేస్తాడట, తోటివాళ్లను అడిగి మనిషిని పట్టుకున్నాడు. మర్నాడు పొద్దున ఆ తమ్ముడు నైట్ డ్యూటీ దిగగానే వచ్చాడు. నిద్ర లేనప్పుడు తీసుకోమని వెనక్కి పంపితే, ఇంటికి పోయి పడుకుని సాయంత్రం మళ్లీ వచ్చి ఇచ్చాడు. పరకాల మాస్టారు తన దగ్గర చదివిన ఒకబ్బాయిని తోలారు. కొత్తవాడలో అమ్మ రాసుకున్న నేతన్న లేడు, ఆయన మనవడు వచ్చాడు. వాళ్ల తాత పేరు నోట్‌బుక్‌లో చూపిస్తే ఆ పిల్లవాడు చాలాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాడు.

ఐదు నెలల్లో 14 బ్యాగులు. బ్లడ్ బ్యాంకులో దొరికిన మొదటిది ఎవరిదో మాకు తెలియదు. ఆ మనిషికి ముందుగా దండం. మిగిలిన 13 బ్యాగులు 11 మంది ఇచ్చారు, అందులో ఇద్దరు మూడు నెలలు నిండగానే మేం అడగకముందే మళ్లీ వచ్చారు. పేర్లు రాయొద్దని మీలో చాలామంది అన్నారు కాబట్టి రాయడం లేదు. పెట్రోలు డబ్బులిస్తామన్నా తీసుకోలేదు. మీ వల్ల అమ్మ ఈ బతుకమ్మ చూసింది. సద్దుల రోజు కుర్చీలో కూర్చోబెట్టి గల్మలోకి తెస్తే, తంగేడు పువ్వు తక్కువైంది, గునుగే ఎక్కువుందని వంక పెట్టింది.

సద్దుల బతుకమ్మ గురించి ఒక మాట. చిన్నప్పుడు ఆ పండగకు అమ్మ ఇంట్లో ఉన్నది తక్కువ. ఎవరో ఒకరికి సెలవు కావాలి, ఆమె డ్యూటీ తీసుకునేది. మా బతుకమ్మను పక్కింటి పెద్దమ్మ పేర్చేది. మేడారం జాతర వస్తే క్యాంపు డ్యూటీ అని వారం రోజులు పోయేది. వచ్చేటప్పుడు కొంగున బెల్లం ముక్క కట్టుకొచ్చేది, నేను అలిగి తినేదాన్ని కాదు. అమ్మ ఊరందరికీ ఉంది, మాకే లేదనుకునేదాన్ని. ఇప్పుడు ఆ బాధ పూర్తిగా పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. కానీ ఆ 11 మంది వరుసగా వచ్చి చొక్కా చెయ్యి మడుస్తుంటే, ఆ పండగ రాత్రుళ్లు అమ్మ ఎక్కడుందో నా కళ్లతో చూసినట్టయింది.

వార్డులో పనిచేసిన సిస్టర్లకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. అమ్మ రోగిగా కూడా నర్సే. డ్రిప్పు ఎంత స్పీడులో పోతోందో చుక్కలు లెక్కపెట్టేది, తన నాడి తనే చూసుకునేది. రక్తం ఎక్కించడం మొదలుపెట్టాక మొదటి 15 నిమిషాలు పక్కనే ఉండాలి. చలి, దురద, ఆయాసం లాంటి వాటిలో ప్రమాదకరమైనవి చాలావరకు అప్పుడే బయటపడతాయి. ఒక చిన్న సిస్టర్, ఇరవై మూడేళ్లు ఉంటాయేమో, అంత రద్దీ వార్డులో ఎవరూ చెప్పకుండానే ఆ పావుగంట అమ్మ మంచం పక్కన నిలబడింది. ఆ అమ్మాయి పోయాక అమ్మ, "ఈ పిల్లకు పని తెలుసు" అంది. తోటి నర్సుల గురించి అమ్మ అంతకన్నా పెద్ద మెప్పు చెప్పగా నేనెప్పుడూ వినలేదు. తల్లీ, ఆ మాట నీకు చేర్చాలనే ఇక్కడ రాస్తున్నాను.

మా వాడ వాళ్లు చేసింది చెప్పడానికి చోటు చాలదు. పాడె మోసినవాళ్లు, పొయ్యి వెలగని రోజుల్లో మాకు అన్నం తెచ్చినవాళ్లు, నా బిడ్డను పరీక్షకు బండి మీద దింపినవాళ్లు, అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. కరోనా సమయంలో అమ్మ ఫోన్ పట్టుకుని ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఆలస్యం చేయొద్దు, ముందైతే బోర్లా పడుకోండి అని రాత్రీ పగలూ చెప్పడం గుర్తుచేసుకుని చాలామంది ఏడ్చారు. నాకు అందులో సగం తెలియనే తెలియదు.

నా బిడ్డ ఇంటర్ చదువుతోంది. అమ్మమ్మ నాడి చూడటం నేర్పింది దానికి. బొటనవేలుతో చూడకూడదు, బొటనవేలికే నాడి ఉంటుంది, నీది నీకే వినపడుతుంది, పక్క రెండు వేళ్లతో పట్టాలి అని. చివరి రాత్రి అది అమ్మమ్మ మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి కూర్చుంది. తెల్లవారుజామున నా వైపు చూసింది, ఏమీ అనలేదు. ఇప్పుడు ఆ నోట్‌బుక్ దాని దగ్గరే ఉంది. కొత్త పేజీలో మీ 11 మంది పేర్లు, తేదీలు రాసింది. మళ్లీ ఎప్పుడు ఇవ్వవచ్చో లెక్కగట్టి పక్కన పెన్సిల్‌తో రాసింది. ఎవరికైనా అవసరమైతే మా ఇంటికి రండి.

ఇంకొక్కరు మిగిలారు. వాళ్ల కోసమే మరీ రాస్తున్నాను.

మూడో బ్యాగు కోసం తిరుగుతున్నప్పుడు ఒకక్క వచ్చింది. గోవిందరావుపేట దిక్కు అంది. "మీ అమ్మనే నా కాన్పు చేసింది, నాది గిదే గ్రూపు, తీస్కోండ్రి" అంది. కాన్పుకొచ్చిన నెగటివ్ తల్లుల పేర్లు అమ్మ ఎర్ర సిరాతో రాసుకునేది, వాళ్లలో ఆమె ఒకతె అయ్యుంటుంది. నెగటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోపు ఒక ఇంజెక్షన్ పడాలి, లేకపోతే తర్వాతి కాన్పులో బిడ్డకు ప్రమాదం. అది పడేదాకా అమ్మ వాళ్లను ఇంటికి పోనిచ్చేది కాదు. పరీక్ష చేస్తే అక్కకు హిమోగ్లోబిన్ 11 ఉంది. 12.5 ఉంటేనే తీసుకుంటారు. వద్దన్నారని ఆమె ఏడుస్తుంటే అమ్మే గదమాయించింది. "నీకే రక్తం తక్కువున్నది, నాకేమిస్తవు? తోటకూర తిను, పల్లీలు బెల్లం తిను, డాక్టరుకు చూపిచ్చుకో."

మర్నాడు ఆ అక్క టిఫిన్ క్యారియర్‌తో వచ్చింది. జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు. నాలుగు రోజుల నుంచి ముద్ద ముట్టని అమ్మ ఆ రోజు రొట్టె తిన్నది. నేను బ్లడ్ బ్యాంకు చుట్టూ తిరిగే హడావుడిలో పేరు అడగలేదు, నంబరు తీసుకోలేదు.

అక్కా, మీ క్యారియర్ మా దగ్గరే ఉంది. మూడు గిన్నెలది, మూత మీద చిన్న సొట్ట ఉంది. కడిగి పెట్టాను. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపితే అమ్మ ఊరుకునేది కాదు, ఏమీ లేకపోతే పిడికెడు చక్కెరైనా వేసేది. మీది పల్లీలు, బెల్లంతో నింపి పెట్టాను. ఎవరి ద్వారానైనా కబురు చెప్పండి, నేనే తెచ్చిస్తాను. ఇప్పుడు హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా చెప్పండి. పోయే ముందు వారం అమ్మ రెండుసార్లు అడిగింది.