మా పిల్లల పాటకు ఒక సర్క్యులర్ కావాలి

గౌరవనీయులైన పుదుచ్చేరి విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది యానాం. మా అమ్మాయి ఏడో తరగతి. మొన్న జనవరి 26కి వాళ్ల క్లాసు పిల్లలు ఒక పాట నేర్చుకున్నారు. సరిహద్దులో ఉన్న నాన్న ఇంటికి రావాలని, యుద్ధం రాకూడదని ఒక పాప కోరుకునే పాట. తెలుగు టీచరే రాశారు. మూడు వారాలు ప్రాక్టీసు చేశారు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో మా అమ్మాయి కాగితం మీద ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టుకుంది. ముందురోజు సాయంత్రం ఆ పాట తీసేశారు. ఎవరైనా వీడియో తీసి దేశానికి వ్యతిరేకం అంటే మనకెందుకొచ్చిన టెన్షన్ అన్నారట. స్కూలు పేరు చెప్పను. భయపడ్డారు, అంతే.

ఈ భయం పాతదేనండీ. యానాం ఇంకా ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉన్నప్పుడు, 1954లో, పారిస్‌లో బోరిస్ వియాన్ అనే ఫ్రెంచి రచయిత 'ల దెజెర్తర్' అనే పాట రాశాడు. సైన్యం నుంచి పారిపోయినవాడు అని అర్థం. పాటంతా దేశాధ్యక్షుడికి ఒక మామూలు మనిషి రాసుకునే ఉత్తరం. బుధవారం సాయంత్రంలోగా యుద్ధానికి బయల్దేరమని కాగితాలొచ్చాయి, నేను వెళ్లను, పేదవాళ్లను చంపడానికి పుట్టలేదు అంటాడు. నా దగ్గర ఆయుధం ఉంది, కాల్చడం వచ్చు అని వియాన్ మొదట ముగించాడు. గాయకుడు మూలూజీకి అది నచ్చలేదు. దాంతో చివర మార్చారు: నా దగ్గర ఆయుధం ఉండదు, పోలీసులు నన్ను కాల్చుకోవచ్చు. పాట మొత్తంలో నన్ను కదిలించేది ఈ మార్పే.

మూలూజీ దాన్ని మొదటిసారి పాడింది 1954 మే 7న. అదే రోజు వియత్నాంలో దియన్ బియన్ ఫూలో ఫ్రెంచి సైన్యం ఓడిపోయింది. ఐదు వారాలకు, జూన్ 13న, మన యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. ఫ్రాన్స్‌లో మాత్రం పాట రేడియోలో ఆగిపోయింది. మాజీ సైనికులు వియాన్ కచేరీలకు అడ్డుపడ్డారు. పక్కన ఉన్నవాళ్లను పోగొట్టుకుని వచ్చిన మనుషులు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. పారిస్ నగర కౌన్సిలర్ పాల్ ఫాబెర్ నిషేధించాల్సిందేనన్నాడు. ఆయనకు వియాన్ బహిరంగ లేఖే రాశాడు. నా పాట సైన్యానికి వ్యతిరేకం కాదు, మామూలు జనం పక్షాన ఉంది అన్నాడు. అల్జీరియా యుద్ధం ముగిసిన 1962 దాకా నిషేధం పోలేదు. వియాన్ 1959లోనే, 39 ఏళ్లకే చనిపోయాడు. 1999లో కూడా మోంలూసోన్ అనే ఊళ్లో పిల్లల చేత ఆ పాట పాడించిన హెడ్‌మిస్ట్రెస్‌ను సస్పెండ్ చేశారు.

మా పిల్లల పాటలో పారిపోయేవాడు కూడా లేడు సార్. సైనికుడి కూతురు ఉంది. నాన్న కోసం గుమ్మంలో నిలబడి ఉంటుంది.

దేశభక్తి గీతాలతో పాటు యుద్ధం వద్దనే పాటలు కూడా పాడించుకోవచ్చని స్కూళ్లకు ఒక సర్క్యులర్ పంపించండి. చేతిలో ఆ కాగితం ఉంటే హెడ్‌మాస్టర్లకు ధైర్యం వస్తుంది. ఆగస్టు 15కి ప్రాక్టీసు మొదలయ్యేలోగా వస్తే మేలు. ఎర్ర గీతల కాగితాన్ని మా అమ్మాయి లెక్కల పుస్తకంలో దాచుకుంది.

ఇట్లు,
యానాం నుంచి ఒక తండ్రి