పెద్ద ఫైళ్లు ఎందుకు ఆగిపోతున్నాయో, మొబైల్ యాప్ ఎందుకు ఆపేశామో

మన సింక్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లలో కొంతమందికి చాలా రోజులుగా ఒకటే తలనొప్పి. లాగిన్ అవుతుంది, ఫైళ్ల లిస్టు కనిపిస్తుంది, మీరు పైకి పంపేవి బాగానే వెళ్తాయి, కానీ మెయిన్ ఆఫీసు నుంచి బ్రాంచికి రావాల్సిన పెద్ద ఫైలు మాత్రం సున్నా పర్సంట్ దగ్గర కూర్చుని, పావుగంట తర్వాత టైమౌట్ అని చెప్పి చస్తుంది. దాని కారణం దొరికింది. దాన్ని పట్టుకున్న మనిషిని ఉద్యోగంలోకి తీసుకున్నాం. ఆ జీతం కోసం మొబైల్ యాప్ పని ఆపేశాం. యాప్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లకి ఈ మాట ముందే చెప్పేస్తే మంచిదని ఇక్కడే చెప్తున్నా.

నెట్‌వర్క్ భాగం ఇన్నాళ్లూ బయటి ఏజెన్సీ చేతిలో ఉందని పాతవాళ్లకి తెలుసు. మా టీమ్ చేసేది స్క్రీన్లు, ఫైల్ వెర్షన్లు, పర్మిషన్లు, రిపోర్టులు, అవి మాకు బాగా వచ్చు. మధ్యలో ఉన్న టన్నెల్ (ఇంటర్నెట్ మీద మీ ఫైళ్ల కోసం వేసిన ప్రైవేటు దారి), రిలే సర్వర్ (ఇటు వచ్చింది అటు అందించే మన సర్వర్), దాని ఫైర్‌వాల్ (ఏది లోపలికి రానివ్వాలో తేల్చే కాపలా) అన్నీ చూసుకునేది వాళ్లు. మీరు కంప్లైంట్ ఇచ్చిన ప్రతిసారీ మేం వాళ్లకి పంపటం, వాళ్లు "కస్టమర్ ఎండ్ ఇష్యూ" అని ఒక్క ముక్క రాసి టికెట్ మూసేయటం. లేదంటే స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పంపమనండి అనేవాళ్లు. మీరు పాపం ఓపిగ్గా పంపారు, అందులో స్పీడ్ బ్రహ్మాండంగా ఉంది, ఉండక ఏమవుతుంది, స్పీడ్ టెస్ట్ మన టన్నెల్‌లోంచి పోనే పోదు కదా, బ్రౌజర్ నుంచి సూటిగా బయటికి పోతుంది. ఆ పరీక్షతో మన జబ్బు ఏం తేలుతుందో ఏజెన్సీలో ఒక్కరికీ అనుమానం రాలేదా అని నాకు ఇప్పటికీ మంటగానే ఉంది. వాళ్ల మాట నమ్మి రౌటర్లు మార్చేసినవాళ్లు కూడా ఉన్నారు. ఒక కస్టమర్ అయితే వెళ్లిపోతూ "మీకు నెట్‌వర్కింగ్ రాదు, వచ్చినట్టు నటించకండి" అని రాశారు. ఆ మెయిల్ నేను డిలీట్ చెయ్యలేదు, చెయ్యను కూడా.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం. ఏజెన్సీ కాంట్రాక్ట్ రెన్యువల్‌కి వచ్చింది. ఇంకో ఏజెన్సీకి మారొచ్చు, అదే కథ ఇంకో లెటర్‌హెడ్ మీద నడుస్తుంది. లేదా మన టన్నెల్ తీసి పక్కనపెట్టి ఏదైనా పెద్ద క్లౌడ్ కంపెనీ రిలే కొనుక్కోవచ్చు, మా అకౌంటెంట్ దానికే ఓటేశారు, లెక్క ప్రకారం ఆయనే కరెక్ట్. నాకు మాత్రం మనసొప్పలేదు. మీ ఫైళ్లు మన సర్వర్ దాటి వేరేవాళ్ల చేతిలోంచి వెళ్లవు అని మొదటి రోజు నుంచీ చెప్పుకుంటూ వచ్చా, అది అడ్వర్టయిజ్‌మెంట్ కోసం చెప్పిన మాట కాదు. కొంత మొండితనం ఉందిలెండి, కాదనను. చివరికి మిగిలిన దారి మనదైన మనిషిని ఫుల్‌టైమ్ పెట్టుకోవటం, దానికి ఉన్న డబ్బు యాప్‌ది.

మనిషిని వెతకటం మొదలెట్టాక తెలిసిందేంటంటే, నెట్‌వర్కింగ్ వచ్చు అనే మాట కింద రెండు వేరే వేరే వృత్తులున్నాయి. ఒకళ్లు రౌటర్లు, స్విచ్‌లు కాన్ఫిగర్ చేసి నెట్‌వర్క్‌ని నిలబెట్టేవాళ్లు. ఇంకొకళ్లు ఆ నెట్‌వర్క్ మీద నడిచే ప్రోగ్రామ్ రాసేవాళ్లు, సాకెట్లు, బఫర్లు, టైమర్లు వాళ్ల ప్రపంచం. మాకు కావాల్సింది రెండోవాళ్లు. సర్టిఫికెట్లు బోలెడున్న ఒక పెద్దమనిషి వచ్చారు, చాలా తెలిసినాయన, కానీ కోడ్ రాయనని ముందే చెప్పేశారు, ఆ నిజాయితీకి దండం. రెజ్యూమేలో టీసీపీ (డేటా వరస తప్పకుండా, పోకుండా అటు చేరేలా చూసే పద్ధతి) ఎక్స్‌పర్ట్ అని ఉన్నవాళ్లని మాత్రం నేను ఒకటే అడిగేవాణ్ణి (ఈ ప్రశ్న నాకు తెలిసిన ఫ్రెండ్ నేర్పాడు): ఇటు ఒక్కసారి సెండ్ చేసింది అటు ఒక్క రిసీవ్‌లోనే వచ్చేస్తుందా? వస్తుంది అన్నవాళ్లకి టీ ఇచ్చి పంపించేశాం. టీసీపీకి మెసేజ్ అంటే తెలీదు, అది బైట్ల వరస మాత్రమే, మీరు ఒకేసారి పంపింది అటు మూడు ముక్కలుగా రావొచ్చు, మూడుసార్లు పంపింది ఒకే ముద్దగా రావొచ్చు, ఎక్కడ తెగాలో ప్రోగ్రామ్ రాసినవాడే చూసుకోవాలి. ఆఫీసులో పక్కపక్క కంప్యూటర్ల మధ్య టెస్ట్ చేసినంతసేపూ ఈ తప్పు బయటపడదు, అసలు చిక్కంతా అదే.

మేం తీసుకున్న అమ్మాయి దీనికి జవాబు చెప్పి ఊరుకోలేదు, మీ సమస్య ఏంటో చూపించండి అంది. సర్వర్ దగ్గర తీసిన ప్యాకెట్ క్యాప్చర్ (వచ్చీపోయే డేటా ముక్కల రికార్డు) ఇచ్చాం. దాన్ని చదివే వైర్‌షార్క్ అనే ప్రోగ్రామ్‌లో తెరిచి, ఇది ఒక వైపుదే కదండీ, కస్టమర్ వైపుది కూడా ఉందా అని అడిగింది. ఏజెన్సీ ఇన్నాళ్లలో ఈ మాట ఒక్కసారి కూడా అడగలేదు. ఓ కస్టమర్ దయతో రెండో వైపుదీ తెప్పించాం. పక్కపక్కన పెడితే చిన్న ప్యాకెట్లన్నీ రెండు వైపులా ఉన్నాయి. పెద్దవి సర్వర్ నుంచి బయల్దేరాయి, కస్టమర్ దగ్గర ఆనవాలే లేదు. సర్వర్ అదే ప్యాకెట్‌ని మళ్లీ మళ్లీ పంపుతోంది, మధ్యలో ఆగే టైమ్ రెండు నిమిషాలకి చేరేదాకా ప్రతిసారీ రెట్టింపు చేసుకుంటూ. లైనక్స్ మామూలు సెట్టింగ్‌లో అలా 15 సార్లు ప్రయత్నించి వదిలేస్తుందట, అదంతా కలిపితే దాదాపు 924 సెకన్లు, మీరందరూ చెప్పిన పావుగంట!

కారణం 8 బైట్లు. ఈథర్నెట్‌లో (ఆఫీసుల్లో ఉండే మామూలు వైర్ల నెట్‌వర్క్) ఒక ప్యాకెట్ మామూలుగా 1500 బైట్ల దాకా ఉండొచ్చు. మన టన్నెల్ తన హెడర్ల (ప్యాకెట్ ముందు రాసే అడ్రసు లాంటి వివరాల) కోసం 60 బైట్లు తీసుకుంటుంది కాబట్టి ఏజెన్సీ లోపలి సైజు 1440 పెట్టింది, కూడితే సరిగ్గా 1500, ఒక్క బైటు ఖాళీ లేదు. కానీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ అయ్యే పీపీపీఓఈ కనెక్షన్ల మీద ఆ ప్రొటోకాల్ తన వాటా 8 తీసుకుంటుంది, మిగిలేది 1492. ప్యాకెట్ మీద "ముక్కలు చెయ్యొద్దు" అనే జెండా కూడా పెట్టారు. ఇక బీరువా గుమ్మంలో పట్టదు, విప్పే అనుమతీ లేదు. ఇలాంటప్పుడు మధ్యలో ఉన్న రౌటర్ "సైజు తగ్గించు" అని ఐసీఎంపీ మెసేజ్ (నెట్‌వర్క్‌లో తేడాలు తెలిపే కబురు) వెనక్కి పంపుతుంది, ఇది 1990 నాటి ఆర్ఎఫ్‌సీ 1191 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలోనే ఉన్న పద్ధతి. ఆ మెసేజ్ మన సర్వర్ దాకా వచ్చింది కూడా. సెక్యూరిటీ పేరుతో ఐసీఎంపీ మొత్తాన్ని ఫైర్‌వాల్‌లో బ్లాక్ చేసి పెట్టింది ఏజెన్సీ, అంటే వచ్చిన కబురు గుమ్మం దగ్గరే చచ్చింది. మీరు పైకి పంపేవి ఎందుకు వెళ్లాయంటే, అటు వైపు ఆ కబురు మీ రౌటర్ నుంచి మీ కంప్యూటర్‌కి సూటిగా అందుతోంది, మధ్యలో మన ఫైర్‌వాల్ లేదు. ఇది కొత్త జబ్బు కూడా కాదు, బ్లాక్ హోల్ అని పేరు పెట్టి 2000లోనే ఆర్ఎఫ్‌సీ 2923లో రాసిపెట్టారు. అంత పాత రోగానికి "కస్టమర్ ఎండ్" అని పేరు పెట్టారు ఏజెన్సీవాళ్లు.

ఇప్పుడు ఆ ఐసీఎంపీ మెసేజ్‌కి దారి తెరిచాం, టన్నెల్ లోపలి సైజు తాత్కాలికంగా 1280కి దించాం. స్పీడ్ కొంచెం తగ్గుతుంది, చాలామందికి తెలియకపోవచ్చు. తర్వాతి వెర్షన్‌లో టన్నెల్ తనే రకరకాల సైజులు పంపి చూసుకుని ఏది పడుతుందో తేల్చుకుంటుంది, ఐసీఎంపీ వచ్చినా రాకపోయినా. యూడీపీ (అటు చేరిందో లేదో చూడకుండా ప్యాకెట్ పంపేసే పద్ధతి) లాంటి వాటికి ఇలా చెయ్యటం ఎలాగో 2020లో ఆర్ఎఫ్‌సీ 8899గా వచ్చింది, మన టన్నెల్ యూడీపీ మీదే నడుస్తుంది కాబట్టి ఆవిడ దాన్నే రాస్తోంది. కాసేపు ఖాళీగా వదిలేస్తే కనెక్షన్ పోవటం అనే ఇంకో గొడవ ఉందే, అది మీ రౌటర్ ఖాళీ కనెక్షన్‌ని మర్చిపోవటం వల్ల, ఏజెన్సీ 5 నిమిషాలకోసారి పలకరించేది, ఇప్పుడు 25 సెకన్లకోసారి.

అప్‌డేట్ దానంతట అదే వస్తుంది, మీరేం చెయ్యక్కర్లేదు, రౌటర్ జోలికి అసలు వెళ్లొద్దు. స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ ఇకమీదట మిమ్మల్ని ఎవరూ అడగరు, అడిగితే నాకు చెప్పండి. ఫైలు ఇంకా ఆగుతుంటే సెట్టింగ్స్‌లో డయాగ్నస్టిక్ లాగ్ అని కొత్త బటన్ వచ్చింది, అది నొక్కి పంపితే చాలు, అందులో ప్యాకెట్ల సైజులూ టైములూ ఉంటాయి, మీ ఫైళ్లలో ఉన్నది ఉండదు. ఆవిడ నంబర్ మాత్రం అడగకండి, ఇచ్చేది లేదు, సపోర్ట్ లైన్ ఎప్పట్లాగే ఉంది. ఒక్క మనిషి మీద ఇంత భారం పెడితే రేపు ఆవిడ వెళ్లిపోతే ఏంటి అని మీలో ఒకరిద్దరు అడిగారు, న్యాయమైన ప్రశ్నే, చేసిన ప్రతి మార్పూ ఎందుకు చేశారో రాసిపెట్టాలనేది ఆవిడ అపాయింట్‌మెంట్‌లోనే ఉంది, మా టీమ్‌లో ఇంకొకరు పక్కన కూర్చుని నేర్చుకుంటున్నారు.

యాప్ ఈ ఏడాది రాదు. వచ్చే ఏడాది ఎప్పుడు అంటే ఇప్పుడు తేదీ చెప్పను. దానికోసమే ఉన్నవాళ్లు మానేస్తామంటే మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇస్తాం, కారణం అడగం. "కస్టమర్ ఎండ్" అని మూసేసిన పాత టికెట్లన్నీ మళ్లీ తెరిచాం, ఒక్కొక్కరికీ జవాబు వస్తుంది, కొంచెం ఆలస్యం కావొచ్చు. వాళ్ల మాట విని రౌటర్ మార్చినవాళ్లు ఆ బిల్లు నాకు పంపండి, వచ్చే రెన్యువల్‌లో అంత తగ్గించి కడితే సరిపోతుంది.